కత్తిరి ఎండల్లో మా పాత బావి

ఎండాకాలం సెలవులంటే నాకు పీలేరు బస్సే. పరీక్షలు అయిపోతే చాలు, అమ్మ నన్నూ చెల్లినీ తిరుపతి బస్టాండులో ఆ బస్సెక్కించి, "పిల్లోళ్ళను కనుమ కింద దింపేయన్నా" అని కండక్టరుకు ఒకటికి రెండుసార్లు చెప్పి, కిటికీలోంచి నీళ్ళ సీసా అందించి వెళ్ళిపోయేది. చంద్రగిరి దాటి, రంగంపేట దాటి, భాకరాపేట కనుమ ఎక్కకముందే ఒక చింతచెట్టు దగ్గర దిగేవాళ్ళం. అక్కడ తాత సైకిలు పట్టుకుని నిలబడి ఉండేవాడు. సంచులు సైకిలు మీద, మేము సైకిలు వెనక. చెప్పుల నిండా దుమ్ము.

ఊరంటే పెద్దగా ఏమీ లేదు. రాములవారి గుడి, గంగమ్మ గుడి, పట్టుమని ముప్పై ఇళ్ళు. ఇళ్ళ వెనక మామిడి తోటలు, తోటలు దాటితే చెనక్కాయలు వేసే మెట్ట చేలు, ఆ తర్వాత బీడు, బీడు దాటితే శేషాచలం కొండలు. 1989లో ఈ కొండల్లో కొంత భాగాన్ని శ్రీ వెంకటేశ్వర జాతీయ వనంగా ప్రకటించారని బడిలో చదువుకున్నాం గానీ మా తాత వాళ్ళకు అది ఎప్పుడూ అడివే. రాత్రి బయట నులక మంచాల మీద పడుకుంటే కొండ వైపు నుంచి దుప్పుల అరుపు వినపడేది. కీచుమని ఒకటి, కాసేపటికి ఇంకొకటి. "చిరుతను చూసినట్టుండాయిలే, పొడుకోండి" అనేవాడు తాత, పాలవాడు వచ్చాడని చెప్పినంత మామూలుగా. ఆ మాట విన్నాక మాకు ఇంక నిద్రెక్కడిది.

నేను చెప్పబోయేది 2003 వేసవి సంగతి. అంతకు ముందు ఏడాది నైరుతి వానలు దేశమంతటా ముఖం చాటేశాయి. మా వైపు చెనక్కాయకు పెట్టిన పెట్టుబడి కూడా తిరిగి రాలేదు. తిరుపతిలో ట్యాంకర్ వచ్చే రోజు బిందెలు వరసలో పెట్టి, వాటికి పక్కింటి అవ్వను కాపలా ఉంచి బడికి పోయేవాళ్ళం. మే నెల వచ్చి కత్తిరి మొదలయ్యాక రేడియో పెడితే వడదెబ్బ వార్తలే. ఆ వేసవిలో రాష్ట్రం మొత్తం మీద వెయ్యి మందికి పైగా వడదెబ్బతో పోయారు. అది మనుషుల లెక్క. కొండలో జీవాల లెక్క ఎవరూ రాయలేదు.

మామూలు ఏడాదైతే వంకలు ఎండినా బండల మధ్య దొనల్లో, కోనల్లోని గుండాల్లో ఎండాకాలం పొడుగునా కాసిని నీళ్ళుంటాయి. ఆ ఏడు అవీ లేవు. నీళ్ళు లేకపోతే దుప్పి ఉండలేదు. దాంతో పొద్దు గూకితే మందలు మందలుగా తోటల్లోకి దిగేవి. తోటల్లో బోరు నీళ్ళు పారిన కాలవలుంటాయి, గాలికి రాలిన బెంగళూర కాయలుంటాయి. కాయ వాటికి తిండీ అవుతుంది, కాస్త తడీ అవుతుంది. తెల్లారి తోటలోకి పోతే సగం కొరికిన కాయలు, చిన్న చిన్న గిట్టల గుర్తులు. చిన్న మామ తిట్టుకునేవాడు గానీ పెద్దగా పట్టించుకునేవాడు కాదు. రాలిన కాయ జ్యూసు ఫ్యాక్టరీ వాడు ఎట్లాగూ తీసుకోడు.

అసలు పేచీ కుక్కలతో, బావులతో. మా తాత చిన్నప్పుడు ఎద్దులతో కపిల తోలి, తొండమున్న తోలు బానతో నీళ్ళు తోడిన బావులవి. కపిల పోయి ఆయిల్ ఇంజన్లు వచ్చాయి, ఇంజన్లు పోయి కరెంటు మోటార్లు వచ్చాయి, ఆ తర్వాత ఊరంతా బోర్లు వేసింది. బోర్లు లోతుకు పోయేకొద్దీ బావులు ఒట్టిపోయాయి. ఒట్టిపోయిన బావిని పూడ్చాలంటే ట్రాక్టర్లకు ట్రాక్టర్లు మట్టి తోలాలి. ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? కపిల తోలే రోజుల్లో ఎద్దులకు, తొండానికి అడ్డమని పిట్టగోడ కట్టలేదు. కపిల పోయాక కట్టాల్సిన అవసరం ఎవరికీ కనపడలేదు. అట్లా నేలకు సమంగా నోరు తెరుచుకుని, చుట్టూ కంప మొలిచి, పగలు చూస్తేనే ఎక్కడుందో తెలియని బావులు మా ఊరి చుట్టూ ఎన్నో. చీకట్లో కుక్కలు తరిమితే దుప్పికి ఏం తెలుస్తుంది?

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర అయిపోయి, చుట్టుపక్కల పల్లెల్లో జాతర్లు జరుగుతున్న రోజులు. మా ఊర్లో అంబలి పోసి జాతర ముగించారు గానీ గుడి ముందు కొబ్బరాకు పందిరి ఇంకా విప్పలేదు. తెల్లారుజామున తోట వైపు కుక్కల గోల. కాపలాకు పడుకున్న చిన్న మామ పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"నాయనా, పాత బావిలో దుప్పి పడిండాది. పానంతోనే ఉండాది."

తాత అడిగిన మొదటి మాట నాకు ఇప్పటికీ గుర్తు. దెబ్బ తగిలిందా అనలేదు, ఎంత పెద్దదీ అనలేదు. "కుక్కలు యాడుండాయి?" అన్నాడు. "ముందు వాటిని కట్టేయించు. మనదే గాదు, ఊర్లో కుక్కలన్నిట్నీ."

మేము వెళ్ళేసరికి వెలుతురు వచ్చేసింది. బావి గట్టున బోర్లా పడుకుని తొంగి చూశాం. పూడిక పడి మూడు మట్ల లోతుకు వచ్చిన బావి. అడుగున మోకాలి లోతు బురద, ఒక మూల పచ్చగా నాచు పట్టిన గుంత. ఆ బురదే దాని నడుము విరగకుండా కాపాడింది. కొమ్ముల్లేని ఆడ దుప్పి, ఇంకా పూర్తిగా ఎదగలేదు. వీపు మీద తెల్ల చుక్కలు సగం బురదలో మునిగిపోయాయి. ముందు కాలు మోకాలి దగ్గర తోలు లేచిపోయి ఎర్రగా కనపడుతోంది. నోరు తెరిచి ఎగపోస్తోంది. చెవులు రెండూ ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టు, ఒకటి మా వైపు, ఒకటి వెనక గోడ వైపు తిరుగుతున్నాయి. మా తలలు కనపడగానే ఉన్న చోటి నుంచే ఎగిరింది. రాతి కట్టడానికి గుద్దుకుని జారి మళ్ళీ బురదలో పడింది. తాత నా చొక్కా కాలరు పట్టుకుని వెనక్కి లాగాడు.

పల్లెలో వార్త ఎంతసేపు? గంటలో ఊరు ఊరంతా అక్కడుంది. ఒకాయన, "ఎండకు మాడిపోతా ఉండాది పాపం" అని బిందెడు నీళ్ళు పై నుంచి దాని నెత్తిన కుమ్మరించాడు. అది బెదిరి మళ్ళీ గోడకు గుద్దుకుంది. ఇంకొకావిడ వేపకొమ్మ విసిరింది, తింటుందని. సోడా అంగడి పిల్లోడు గోనెపట్టాలో ఐసు గడ్డ చుట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. గుడి దగ్గరుండే పెద్దాయన పసుపు కుంకుమ తెచ్చాడు. కొండ మీది జీవం, స్వామి పంపించాడు, చల్లి దణ్ణం పెట్టుకుంటానంటాడు. చెట్ల మీద పిల్లలు. ఎవరో ఒకడు కూర మాట కూడా ఎత్తాడు. నవ్వులాటకే అన్నాడో నిజంగానే అన్నాడో గానీ, చిన్న మామ వాడి వైపు చూసిన చూపుకు వాడు మళ్ళీ మాట్లాడలేదు. 1972 నాటి వన్యప్రాణి చట్టం గురించి ఊర్లో అందరికీ తెలుసు. కేసు పెడితే కోర్టు చుట్టూ తిరగడానికే ఎకరా అమ్ముకోవాలని కూడా తెలుసు.

ఆ ఒక్కడిని పక్కన పెడితే అందరిదీ మంచి మనసే. చిక్కంతా అక్కడే వచ్చింది. ప్రతి ఒక్కరికీ ఏదో ఒకటి చేయాలని ఉంది. ఒకరు చేసేది చూసి ఇంకొకరికి ఇంకోటి తడుతోంది. తలొకటి చేసే ప్రతిసారీ లోపల దుప్పి ఎగురుతోంది. ప్రతి ఎగురుకూ దాని బలం తగ్గుతోంది.

తాత ఎప్పుడూ గట్టిగా అరిచే మనిషి కాదు. ఆ రోజు అరిచాడు. "అది ఎండకు గాదు చచ్చేది, మనల్ని చూసి చస్తాది. పొండి! గట్టు మీద ఒక్క తలకాయ కనపడకూడదు. ఆ కానగ చెట్టు కింద కూసోండి, కథలు చెప్పుకోండి, ఏమన్నా చేసుకోండి. ఈడికి మాత్రం రాబాకండి."

జనం నాలుగడుగులు వెనక్కి వేసి మూడడుగులు ముందుకొచ్చారు. అప్పుడు మా అవ్వ రంగంలోకి దిగింది. బావి దగ్గరికి వచ్చే బాటకు అడ్డంగా కూర్చుని, మేకలు తోలే కర్ర ఒళ్ళో పెట్టుకుంది. ఊరి పెద్దమనిషి వచ్చినా, "యాడికి నాయనా? చూసింది చాలు, మీ ఇంట్లో ఎనుమును చూసుకోపో" అని పంపించింది. దుప్పిని కాపాడిన వాళ్ళ పేర్లు రాయాలంటే నేను అవ్వ పేరే మొదట రాస్తాను. ఆమె మాత్రం ఆ రోజు దుప్పిని ఒక్కసారి కూడా చూడలేదు.

మామ టీవీఎస్ బండి మీద ఎస్టీడీ బూతుకు పోయి ఫారెస్టు ఆఫీసుకు ఫోను చేసి వచ్చాడు. సెల్‌ఫోన్లు అప్పటికి మా ఊరి దాకా రాలేదు. కొండలో ఒక చోట గడ్డికి నిప్పంటుకుందట, సిబ్బందంతా ఆర్పడానికి పోయారట. గార్డు సారు మధ్యాహ్నం తర్వాత వస్తాడు, అంతలోపల వాచర్‌ను పంపిస్తామన్నారు. వాచరన్న సైకిలు మీద వచ్చాడు. సన్నటి మనిషి, ఖాకీ చొక్కా, లుంగీ, నడుముకు మచ్చుకత్తి. వచ్చీ రాగానే బావిలోకి చూడలేదు. దూరంగా సైకిలు పెట్టి, చెప్పులు విప్పి, కంప చాటున పాక్కుంటూ పోయి, ఆకుల సందులోంచి చాలాసేపు చూశాడు. వెనక్కి వచ్చి, తాత పక్కన కూర్చుని బీడీ ముట్టించుకున్నాడు.

"కాళ్ళు నాలుగూ ఆనిస్తా ఉండాది పెద్దాయనా. ఎముక ఇరగలేదు. ఇప్పుడు మనం దిగితే మాత్రం గుండాగి చస్తాది. కొంచెం నిమ్మళించనీ."

"ఎండ?"

"అదే ఆలోచన చేస్తా ఉండా."

పొద్దు నడినెత్తికి వస్తే ఎండ నిలువునా బావిలోకే దిగుతుంది. రాతి కట్టడం కాగి లోపల గాలి ఆడదు. నీడ కావాలి, అదీ ఇప్పుడే. తాత చూపు గంగమ్మ గుడి వైపు తిరిగింది. పందిరి మీది కొబ్బరాకు తడికలు విప్పుకొచ్చి బావి నోటికి కప్పుదామన్నాడు. ఒకరిద్దరు పెద్దలు ఒప్పుకోలేదు. పందిరి విప్పడానికి ఒక రోజుంటుంది, పద్ధతుంటుంది, అమ్మవారికి కోపం వస్తే ఊరికి మంచిది కాదు. మాటలు పెరిగేలా ఉన్నాయి. బాటకు అడ్డంగా కూర్చున్న అవ్వ అక్కడి నుంచే అంది. "గంగమ్మకు నీడ కావాలంటే యాపచెట్టు ఉండాది లేబ్బా. ఆ తల్లికి లేని పట్టింపు మీకెందుకు?"

ఇంకెవరూ మాట్లాడలేదు. తడికలు వచ్చాయి. మామ, వాచరన్న కలిసి రెండు వెదురు బొంగులు అడ్డంగా వేసి, చప్పుడు కాకుండా ఒక్కో తడిక జరుపుకుంటూ పోయారు. ఒక పక్క మాత్రం గాలికి సందు వదిలారు. లోపల చీకటయ్యేకొద్దీ దుప్పి ఎగరడం మానేసింది. నీడ కోసం వేసిన తడికలు దానికి మమ్మల్ని కనపడకుండా చేశాయి. రెండో లాభమే పెద్దదని వాచరన్న అన్నాడు.

నీళ్ళ సంగతి కూడా ఆయనే చూశాడు. బొక్కెన దించితే బెదురుతుందని, సందు ఉన్న పక్క గోడ వెంబడి చెంబుతో కొంచెం కొంచెంగా జార్చాడు. నీళ్ళు రాళ్ళ మీదుగా చప్పుడు లేకుండా దిగి ఆ మూల గుంతలో చేరాయి. నన్ను బిందెలు అందించే పనికి పెట్టుకున్నాడు. ఎన్ని బిందెలు మోశానో గానీ, కాసేపటికి ఆయన వేలు పెదాల మీద పెట్టుకుని నన్ను పక్కన పడుకోబెట్టి సందులోంచి చూడమన్నాడు. దుప్పి మెడ చాచి తాగుతోంది. మూతి నీళ్ళలో ముంచి, గొంతులో గుటకలు దిగడం పై నుంచి కనపడుతోంది. మధ్యలో ఆగి, చెవులు రిక్కించి విని, మళ్ళీ తాగుతోంది.

ఆ తర్వాత జరిగినదంతా ఎదురుచూపే. దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు. పన్నెండు దాటాక ఎండకు తట్టుకోలేక జనమే ఇళ్ళకు పోయారు. పొద్దుటి నుంచి మేము చేయలేని పని ఎండ చేసిపెట్టింది. అవ్వ ఒక్కతే లేవలేదు. చెల్లి రాగి అంబలి తెచ్చిస్తే అక్కడే కూర్చుని తాగింది.

మూడు దాటాక గార్డు సారు ఇంకో మనిషితో జీపులో వచ్చాడు. మొహాన మసి, చొక్కా మీద బూడిద. కొండ దిగి నేరుగా ఇటే వచ్చాడట. వచ్చే దారిలో తిరుపతి జూకు ఫోను చేసి అక్కడి డాక్టరును అడిగాడు. శ్రీ వెంకటేశ్వర జూ 1987లో మొదలైంది. ఇట్లాంటివి ఏం జరిగినా మా వైపు వాళ్ళు ముందు అడిగేది అక్కడే. వల పంపాలంటే రాత్రవుతుందన్నారట, చీకట్లో బావిలోకి దిగడం మంచిది కాదు. తాత ఎండుగడ్డి మోపులు కట్టి మోసే తాళ్ళ వల తెచ్చి చూపించాడు. సారు దాన్ని లాగి, సాగదీసి చూసి సరేనన్నాడు.

డాక్టరు చెప్పింది సారు అందరికీ మళ్ళీ చెప్పాడు. పట్టుకున్న వెంటనే కళ్ళకు గుడ్డ కప్పాలి. నోట్లో నీళ్ళు పోయకూడదు, గొంతు తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పక్కకు వాల్చకూడదు, నెమరువేసే జీవం గనక కడుపుబ్బి ఊపిరాడదు. బోర్లా, రొమ్ము మీద కూర్చున్నట్టు పెట్టాలి, మెడ పైకి ఉండాలి. ఐసు వద్దు. మామూలు నీళ్ళతో తడిపిన గుడ్డలు చాలు, కడుపు కింద, తొడల మధ్య. ఎవరూ మాట్లాడకూడదు. తాత తల ఊపుతూ విన్నాడు. ఆవు ఈనలేక పడిపోయినప్పుడు ఆయన చేసేది ఇంచుమించు ఇదే.

వాచరన్న, మామ మోకులు పట్టుకుని దిగారు. మేము పైన. అవ్వ పాత నూలు చీర ఒకటి తడిపి ఇచ్చాం. కింద ఒక్క క్షణం పెనుగులాట, బురద చిల్లడం, మామ నోట్లోంచి ఒక బూతు మాట. అంతే. చీర తల మీద పడగానే దుప్పి బిగుసుకుపోయి ఆగింది. కాళ్ళు మడిచి, వలలో కూర్చోబెట్టి, నలుగురు పైకి లాగారు. మామిడి చెట్టు కింద తడి ఇసక మీద దించారు. రెండు పక్కలా గోనెసంచులు ఆనించి ఒరిగిపోకుండా నిలబెట్టాడు తాత.

నా పని గోనెపట్టాలు తడిపి అందించడం. అంత దగ్గర నుంచి అడవి జీవాన్ని నేను అంతకు ముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. కప్పిన చీర కింద నుంచి చెవి ఒకటి బయటికి వచ్చింది. లోపలి వైపు తెల్లటి నూగు, దాని మధ్య నల్లగా ఉబ్బిన గోమార్లు వరసగా. మా ఆవుల చెవుల్లో ఉండేవే. తడి పట్టా వేస్తుంటే చేతికి దాని డొక్క తగిలింది. గుండె కొట్టుకోవడం కాదు, తోలు మొత్తం అదురుతోంది. వాసన కూడా గుర్తుంది. బురద, పచ్చి గడ్డి, ఇంకా మేకల దొడ్డిలో వచ్చేలాంటిది ఏదో. ముట్టుకుని నిమరాలని ఎంతగా అనిపించిందో. గార్డు సారు నా చేతి వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. "నువ్వు ముద్దు చేస్తుండావని దానికేం తెలుసురా. పులి చెయ్యేసినట్టే దానికి."

జీపులో వేసుకుని జూకు తీసుకుపోదామని ఆయనతో వచ్చిన మనిషి అన్నాడు. వాచరన్న వద్దే వద్దన్నాడు. ఎముకలు బాగున్నాయి, నీళ్ళు తాగింది, గాయం పైపైనే. జీపు శబ్దానికి, ఆ కుదుపులకు దారిలోనే పోతుందని ఆయన వాదన. నెల జీతం మీద కాకుండా రోజు కూలీ మీద చేసే మనిషి, ఆఫీసు మనుషుల మాటకు అడ్డం చెప్పడం మాకు వింతగానే అనిపించింది. సారు కాసేపు ఆలోచించి ఆయన మాటే విన్నాడు. మోకాలికి వెంట తెచ్చిన మందు పూశాడు.

ఎండ తగ్గాక వలతోనే మోసుకుని బీడు దాటించారు. నన్ను సగం దాకే రానిచ్చారు. కట్టలు ఏమీ కట్టలేదు గనక విప్పాల్సిందీ లేదు. చీర తీసి అందరూ ఒకేసారి వెనక్కి వచ్చేశారు. దుప్పి వెంటనే లేవలేదు. మామ కదలబోతే వాచరన్న చెయ్యి పట్టుకున్నాడు. లేచింది, ముందు కాళ్ళ మీద ఒకసారి ముడుచుకుంది, మళ్ళీ లేచింది. పరిగెత్తుతుందని అనుకున్నాను, పరిగెత్తలేదు. కుంటుకుంటూ నడుచుకుంటూ చెట్లలోకి పోయింది.

ఊర్లో అందరూ వాచరన్నను పొగిడారు. ఆయన మాత్రం, "ఇప్పుడే ఏం చెప్పలేం" అని ఊరుకున్నాడు. తర్వాత ఒకసారి అంగడి దగ్గర కనపడితే అడిగాను. ఆ చుట్టుపక్కల గద్దలు తిరగడం గానీ వాసన గానీ లేదన్నాడు. అంతకు మించి ఒక్క మాట కలపలేదు.

ఆయన ఎందుకట్లా అన్నాడో నాకు చానా ఏళ్ళ తర్వాత అర్థమైంది. తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదివిన స్నేహితుడు ఒకడు చెప్పాడు. 1955 నుంచి ఉన్న కాలేజీ అది, మా వైపు రైతులందరికీ ఎరుకే. ప్రాణభయంతో శక్తికి మించి పరిగెత్తినా, పెనుగులాడినా దుప్పిలాంటి జీవాల కండరాల్లో ఆమ్లం పేరుకుని, కండరం లోపల్లోపలే దెబ్బతింటుందట. ఆ దెబ్బతిన్న కండరంలోంచి రక్తంలోకి చేరేవి మూత్రపిండాలను పాడుచేస్తాయి. ఎండ తోడైతే మరీ చేటు. కొన్ని అక్కడికక్కడే పోతాయి. కొన్ని బాగానే నడిచిపోయి, రోజుల తర్వాత ఎక్కడో పడిపోతాయి. క్యాప్చర్ మయోపతి అంటారట. వచ్చాక చేయగలిగింది తక్కువ, రాకుండా చూసుకోవడమే. ఈ పేరేదీ తెలియకుండానే మా తాత పొద్దున ఏడింటికే "మనల్ని చూసి చస్తాది" అన్నాడు. ఇది విన్నాక ఆ రోజు బిందెడు నీళ్ళు కుమ్మరించిన ఆయన గుర్తొచ్చాడు. పాపం, మా అందరికంటే ఎక్కువ జాలిపడింది ఆయనే.

ఆ ఏడే తాత పాత బావి చుట్టూ ముళ్ళకంప గట్టిగా కొట్టించాడు. మిగతా వాళ్ళను కూడా అడిగాడు. కొందరు విన్నారు. బీడు చివర, ఊరికి దూరంగా, ఒక సిమెంటు గాబు పెట్టించి ఎండాకాలం ట్రాక్టరుతో నీళ్ళు పోయించేవాడు. తోటలోనే పెట్టొచ్చు గదా, ఖర్చు తగ్గుతుంది అని మామ అంటే ఒప్పుకోలేదు. నీళ్ళు ఎక్కడుంటే జీవాలు అక్కడికి అలవాటు పడతాయి, తోటకు అలవాటు పడితే కుక్కలకీ ఉచ్చులకీ అలవాటు పడినట్టే. 2023లో అలిపిరి నడకదారిలో చిరుతల భయం వచ్చాక, దారిలో జంతువులకు తిండి పెట్టొద్దని దేవస్థానం వాళ్ళు గట్టిగా చెప్పినప్పుడు నాకు ఈ గాబు గొడవే గుర్తొచ్చింది. దుప్పికి క్యారెట్ పెడితే పుణ్యం అనుకుంటాం. దుప్పి దారి పక్కకు అలవాటు పడితే దాని వెనక చిరుత కూడా రాదా? ఇప్పుడైతే ఫారెస్టు వాళ్ళే అడవి లోపల సాసర్ పిట్లు కట్టి, ఎండాకాలం ట్యాంకర్లతో నింపుతున్నారు. వెడల్పుగా, లోతు లేకుండా ఉంటాయి గనక చిన్న జీవం దిగినా మునగదు. అవి వచ్చాక మామ గాబుకు నీళ్ళు పోయడం మానేశాడు.

తాతా అవ్వా ఇద్దరూ పోయారు. పాత బావిని మామ ఎట్టకేలకు పూడ్పించాడు. కానీ ఊర్లో అట్లాంటివి ఇంకా ఉన్నాయి. పోయిన వేసవిలో వేరే వాళ్ళ బావిలో ఇంకో దుప్పి పడితే మామ ఫోను చేశాడు. ఫారెస్టు వాళ్ళు వల, డాక్టరుతో సహా త్వరగానే వచ్చారట. పని అంతా అరగంటలో అయిపోయేదట.

"అయిపోయేదంటే? కాలేదా మామా?"

"యాడ అవుతాదిరా! బావి చుట్టూ సెల్‌ఫోన్లు పట్టుకోని జనం. ఒకడు సెల్ఫీ కోసం లోపలికి కాలు దించి కూసోనుండాడు. మీ అత్త కర్ర తీసుకోని వచ్చింది గాబట్టి సరిపోయింది. దుప్పిని పైకి తీసేదానికంటే వీళ్ళను పక్కకు తీసేదానికే టైమంతా పట్టింది."

తర్వాత ఏమైందని అడిగేలోపల, కాయ కోతకు కూలీలు వచ్చారని ఫోను పెట్టేశాడు.